ఉపగ్రహమును త్రోయు విద్యుత్తు



సీలేరు కొండలలో నివసించు మీకు విద్యుత్తు పుట్టుకను గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినది కొంచెమే. తూర్పు కనుమలలో మాచ్‌ఖండ్ అను పేరుతో బయలుదేరిన యేరు డుడుమ వద్ద సుమారు 175 మీటర్ల లోతునకు దూకి, అటుపైన సీలేరను పేరు వహించి, శబరిలో కలిసి, కూనవరము చెంత గోదావరిలో చేరుచున్నది. ఆ నీటి వాలును పట్టుకొని 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రమును, తరువాతి దశాబ్దములలో ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రములను నెలకొల్పిరి. జలాశయముల క్రింద భూములు మునిగి, ఊళ్లు విడిచి వచ్చిన కుటుంబములవారు మీలో నుండవచ్చును. ఈ విద్యుత్తునకు చెల్లిన వెల యెంతయో వారికి నాకంటె బాగుగా తెలియును. అది వేఱొక దినమున ముచ్చటింపదగిన విషయము. ఇప్పుడు నేను చెప్పబోవునది విద్యుత్తు చేయు మఱియొక పని. భూమికి వేలకొలది కిలోమీటర్ల పైన తిరుగుచున్న ఉపగ్రహమును అది త్రోయగలదు. ఆ త్రోయు యంత్రము చిన్నది. దానిని కల్పించుట యెట్లు, పరీక్షించుట యెట్లు అనునదే ప్రసంగ విషయము.

ఆకాశమున తిరుగు వస్తువును మరల త్రోయుట యెందులకని మీరడుగవచ్చును. మీ యిండ్ల కప్పులమీద టెలివిజను గొడుగులున్నవి గదా. గొడుగు నొకసారి సరియైన దిక్కునకు త్రిప్పి బిగించినచో మరల దానిని ముట్టుకొన నక్కఱలేదు. ఏలయన, అది చూచుచున్న ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో పాటు దినమున కొక్కసారి తిరుగుచు, మనకు కదలనట్లే కనబడును. కాని సూర్యచంద్రు లిరువురును దానిని తమవైపు లాగుచుందురు. దాని మానాన దానిని విడిచినచో కొన్ని నెలలకు ఉత్తరమునకు దక్షిణమునకు ఊగుటకు మొదలిడును. గొడుగు ఒకవైపు, ఉపగ్రహ మొకవైపు నగును. అందుచేత అప్పుడప్పుడు దానిని త్రోసి చోటికి తెచ్చుచుండవలెను. ఇందుకై ఉపగ్రహముతో ఇంధనమును పంపుదురు. ఆ యింధన మైపోయిన దినమున, లోపలి యంత్రములన్నియు చక్కగా నున్నను ఉపగ్రహము పనికిరానిదగును. నూనె లేని దీపమునకు వత్తి యెంత మంచిదైన నేమి? రసాయనపు ఇంధనముతో నడచు ఇట్టి ఉపగ్రహము రాకెట్టు నుండి విడివడునప్పటి బరువులో దాదాపు సగము ఇంధనమే. కావున ఇంధనమును తగ్గించు ఉపాయము దొరికినచో, అదే రాకెట్టుపై ఎక్కువ పనిముట్లను పంపవచ్చును, లేదా ఉపగ్రహపు ఆయువును పెంచవచ్చును.

త్రోపుడు ఎట్లు పుట్టును? ఏటిలో దోనెపై నిలిచి ఒడ్డునకు దూకినచో దోనె వెనుకకు పోవును. ఇది మీ రెఱిగినదే. శూన్యాకాశమున ఆనుకొనుటకు ఒడ్డు లేదు, నీరు లేదు. ఏదో యొక పదార్థమును వెనుకకు విసరి ముందునకు పోవలసినదే. విసరుట రెండు విధములు. ఎక్కువ పదార్థమును మెల్లగా విసరవచ్చును. కొంచెము పదార్థమును మిక్కిలి వేగముగా విసరవచ్చును. మండెడి ఇంధనము క్షణమునకు ఇంచుమించు 3 కిలోమీటర్ల వేగముతో వెలికి వచ్చును. దాని శక్తి యంతయు దాని మంటలోనిదే కనుక, అంతకంటె బహువేగము దానికి చాతకాదు. విద్యుత్తుతో త్రోయు యంత్రమున శక్తి వేఱొకచోటి నుండి వచ్చును. సూర్యునికి ఎదురుగా చాచిన పలకలు విద్యుత్తు నిచ్చును; ఉపగ్రహము మోసికొనిపోవు వాయువు కేవలము విసరబడుటకే యున్నది. మండుట లేదు, పొగ లేదు.

ఇప్పుడు మీ కొండల నీటిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నీరు ఎంత యెత్తునుండి పడునో అంత వేగము పొందును. డుడుమ యంత లోతునకు అడ్డులేక పడిన నీరు క్షణమునకు 58 మీటర్ల వేగమందును. విద్యుత్తునకును ఇట్టి యెత్తుపల్లములున్నవి. వానిని వోల్టులలో కొలుతురు. మన యిండ్ల దీపములకు వచ్చునది 230 వోల్టులు. విద్యుదావేశము గల జెనాను కణమును 300 వోల్టుల వాలుమీద విడిచినచో అది క్షణమునకు 21 కిలోమీటర్ల వేగమందును. అంత వేగమును భూమి యాకర్షణచేత పొందవలెనన్నచో, ఆకర్షణ ఎంత దూరమునను తగ్గదనుకొన్నను, 22,000 కిలోమీటర్ల పైనుండి పడవలసియుండును. అది భూమి వ్యాసమునకు ఒకటిన్నర రెట్లకు మించిన యెత్తు. అంతటి జలపాతము చేయు పనిని ఈ యంత్రము బొటనవ్రేలి పొడవున చేయుచున్నది. నాకు ఈ శాస్త్రమున అన్నిటికంటె వింతగా తోచున దిదియే.

యంత్రపు ఆకారము చెప్పెదను. కొబ్బరిచెట్టు మొదట నీరు నిలుచుటకై త్రవ్విన పాదును తలచుకొనుడు. నడుమ మ్రాను, చుట్టును గుండ్రని గుంట, దాని కావల గట్టు. ఈ యంత్రమును అట్టిదే. గుంట గోడలు పింగాణివంటి పదార్థముతో చేయుదురు. నడిమి మ్రాను అయస్కాంతమున కొక కొన, చుట్టు గట్టు రెండవ కొన. కావున అయస్కాంత బలము గుంటకు అడ్డముగా మ్రానునుండి గట్టునకు వ్యాపించియుండును. గుంట అడుగున ధన విద్యుద్ధ్వారము, దాని చెంతనే జెనాను వాయువు సన్నగా వచ్చు రంధ్రములు నుండును. గట్టుకు వెలుపల ఎలక్ట్రానులను వెలువరించు చిన్న గొట్టము గలదు. దానిని కాథోడు అందురు.

కాథోడునుండి వచ్చిన ఎలక్ట్రానులు అడుగుననున్న ధన ధ్రువమునకు పరుగెత్తజూచును. అడ్డముగానున్న అయస్కాంత బలము వానిని తిన్నగా పోనీయదు. అవి గానుగెద్దులవలె గుంటలో గుండ్రముగా తిరుగుచు మెల్లమెల్లగా మాత్రమే లోనికి దిగును. అట్లు తిరుగునప్పుడు జెనాను పరమాణువులను ఢీకొని, ఒక్కొక్కదానినుండి ఒక ఎలక్ట్రానును ఊడగొట్టును. ఎలక్ట్రానును పోగొట్టుకొన్న పరమాణువును అయాను అందురు. అది ఎలక్ట్రానుకంటె రెండు లక్షల రెట్లకు పైగా బరువైనది; అయస్కాంతము దానిని త్రిప్పజాలదు. విద్యుత్తు వాలుమీద జాఱి గుంట నోటినుండి బాణమువలె వెలికి దూకును. దాని యెదురు దెబ్బయే ఉపగ్రహమునకు త్రోపుడు. కాథోడునుండియే మఱికొన్ని ఎలక్ట్రానులు వెలుపల దానితో కలిసి ఆవేశమును సరిచేయును. ఇట్లు చేయనిచో ఉపగ్రహమే ఆవేశము పొంది, విసరిన కణములను మరల తనవైపు లాగుకొనును.

చెప్పుటకు సులభముగానున్నను, కల్పనలో ప్రతి కొలతయు మఱియొక కొలతతో తగవులాడుచుండును. అయస్కాంతము బలహీనమైనచో ఎలక్ట్రానులు ఊరకే అడుగునకు పాఱిపోయి, విద్యుత్తు వేడిగా వ్యర్థమగును. మితిమీఱిన బలముగలదైనచో వెలుగు నిలుకడ లేక కొట్టుకొనును. గుంట వెడల్పు ఎక్కువైనచో వాయువు దెబ్బ తినకుండగనే జాఱిపోవును. ఇఱుకైనచో కణములు గోడలను రాచుకొనును. ఈ విధమైన యంత్రమును సోవియట్టు దేశమున మొరొజొవ్ అను శాస్త్రజ్ఞుడును ఆతని సహచరులును సాధించిరి; 1971 డిసెంబరులో పైకి పంపిన మెటియోరు ఉపగ్రహముపై అది మొదటిసారి ఆకాశమున కేగినది.

ఇక బలమెంత? మన దేశమున ఇటీవల పరీక్షించిన పెద్ద యంత్రపు త్రోపుడు 300 మిల్లీన్యూటనులు. ఈ మాట మీకు అన్యముగా తోచినచో, అరచేతిలో రెండున్నర తులములకు కొంచెము మించిన బరువు నుంచుకొని చూడుడు, అంతే. దానికి కావలసిన విద్యుత్తు 5.4 కిలోవాటులు. మన ఎగువ సీలేరులో నాలుగు యంత్రములున్నవి. ఒక్కొక్కటి 60 మెగావాటులది. వానిలో ఒకదాని విద్యుత్తు నంతయు ఇట్టి త్రోపుడు యంత్రములకే పెట్టినచో, 11,000 యంత్రములకు సరిపోవును. ఆ పదునొకండు వేలును కలిసి త్రోసినను 340 కిలోగ్రాముల బరువున కీడగును. బలిసిన గేదె నొకదానిని ఆనియుంచు బలము. భూమిమీదనుండి రాకెట్టు నెత్తుటకు ఈ విద్య పనికిరాదని ఇందువలననే స్పష్టము. ఎవరైన విద్యుత్తుతో రాకెట్టు నెగురవేసెదనని మీ చెంతకు పెట్టుబడికై వచ్చినచో ఈ లెక్కను చెప్పి పంపివేయుడు.

కాని పైన కక్ష్యలో గాలి లేదు, రాపిడి లేదు. త్రోసినంత వేగమును నిలిచియే యుండును, మఱునాటి వేగము దానికి చేరును. 3,000 కిలోగ్రాముల ఉపగ్రహమును ఈ యంత్రము ఒక దినమంతయు త్రోసినచో, దాని వేగము గంటకు 31 కిలోమీటర్లు మాఱును. గుఱ్ఱపు పరుగు వంటిది. వేయి గంటలు త్రోసినచో మార్పు గంటకు 1,300 కిలోమీటర్లగును. అందుకు వెచ్చమగు జెనాను సుమారు 60 కిలోగ్రాములు. అదే పనిని మండెడి ఇంధనముతో చేసినచో 350 కిలోగ్రాములకు మించి కావలెను. ఐరోపావారు 2003 సెప్టెంబరులో స్మార్ట్-1 అను చిన్న నౌకను ఇట్టి యొక్క యంత్రముతోనే చంద్రునివైపు నడిపిరి. అది భూమి చుట్టును తిరుగుచు తిరుగుచు వలయమును పెంచుకొని 2004 నవంబరులో చంద్రుని చేరినది. పదునాలుగు నెలల ప్రయాణము! మనుష్యులను మోసికొని అపొల్లో నౌకలు మూడు నాలుగు దినములలో చేరిన దూరమే యది. తక్కువ పదార్థముతో పోవలెనన్నచో కాలమును వెచ్చించవలెను.

పరీక్షకు వత్తము. ఈ భాగమే నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. గాలిలో ఈ యంత్రము పనిచేయదు. వెలికి దూకిన కణము అడుగు దూరము పోకుండగనే గాలి కణములను గుద్దుకొని ఆగిపోవును. కావున గది యంతటి ఉక్కు పీపాలో యంత్రము నుంచి, పంపులతో గాలిని తోడివేయుదురు. యంత్రము నడచుచున్నంతసేపు జెనాను వచ్చి పడుచుండును గనుక దానిని కూడ ఎప్పటికప్పుడు మిక్కిలి చల్లని పలకలపై గడ్డకట్టించి పట్టుకొందురు. అంత చేసినను పీపాలో కొంత వాయువు మిగులును. మిగిలినది యంత్రపు నోటిలోనికి మరల చొచ్చి, తానును అయానై వెలికి దూకి, త్రోపుడు నెక్కువగా చూపించును. పొరుగు చేని నీరు గట్టు తెగి మన మడిలో పాఱినప్పుడు, మన చెఱువే గొప్పదని చెప్పుకొనుట వంటిది. ఈ మోసమున పడకుండుటకు పీపాలోని వాయువును హెచ్చించి, తగ్గించి, అనేక పర్యాయములు కొలిచి, వాయువు లేనేలేనిచో త్రోపుడు ఎంతయుండునో లెక్కింతురు.

కొలుచుటయు సులభము కాదు. కంసాలి తన చిన్న త్రాసును గాలి తగులకుండ అద్దపు పెట్టెలో నుంచును గదా. ఇచ్చట తూచవలసినది రెండున్నర తులములు. ఆ బలమును పుట్టించు యంత్రమో, కిలోగ్రాముల బరువు గలది. దానిని ఊయెలవలె వ్రేలాడదీసి, నడచునప్పుడు ఎంత యొరిగెనో కాంతి కిరణముతో చూతురు. దానికి విద్యుత్తు తీగెలు, వాయువు గొట్టము తగిలించియే యుండవలెను. అవి వేడెక్కి బిగిసినను, సడలినను, ఊయెల కొంచెము కదలును. ఆ కదలికను త్రోపుడని వ్రాసికొన్నచో లెక్క తప్పినట్లే. అందువలన ముందు తెలిసిన చిన్న బరువులను దారముతో లాగించి ఊయెల యొరుగుదలను గుర్తించుకొందురు. యంత్రము నాపి, అది మొదటి చోటికే వచ్చినదో లేదో చూతురు. పిమ్మట మరల బరువులు పెట్టుదురు. ఈ విసుగు పుట్టించు పనికి ఓపికలేనివాడు ఈ విద్యలో ప్రవేశింపకుండుట మేలు.

భూమిమీద ఎంత పరీక్షించినను ఆకాశమున ఒకసారి నడచువఱకు కొనువానికి నమ్మకము కలుగదు. మన దేశపు కథ ఇట్లున్నది. ఇస్రో యని మనము వినుచుండు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ వారు ఇట్టి యంత్రములను జీశాట్-4 అను ఉపగ్రహమునకు అమర్చి, 2010 ఏప్రిల్ 15వ తేదీన మన నెల్లూరు సీమకు చేరువనున్న శ్రీహరికోటనుండి పంపిరి. స్వదేశమున చేసిన క్రయోజెనిక్ యంత్రముతో రాకెట్టు ఎగురుట కూడ అదే మొదటిసారి. ఆ పై యంత్రము సరిగా మండలేదు. రాకెట్టు బంగాళాఖాతమున పడిపోయినది. త్రోపుడు యంత్రములలో దోషమున్నదో లేదో తెలిసికొనుటకైనను అవకాశము కలుగలేదు. ఏండ్ల తరబడి చేసిన పని సముద్రము పాలైనది. ఒకే ప్రయాణమున రెండు క్రొత్త విద్యలను పరీక్షించుట తగునా యను ప్రశ్న నాకు తోచకపోలేదు. కాని పైకి పంపుటకు అవకాశములే అరుదైనప్పుడు ఒక బండిలోనే రెండు బస్తాలు వేయక తప్పదు. తరువాత ఏడేండ్లు గడచినవి. 2017 మే 5వ తేదీన, శ్రీహరికోటనుండియే, దక్షిణాసియా ఉపగ్రహమని పేరుగాంచిన జీశాట్-9 పైకేగినది. 2,230 కిలోగ్రాముల ఆ ఉపగ్రహము విద్యుత్తు త్రోపుడును వెంటగొని స్థిరకక్ష్యను చేరినది.

ఇప్పుడు ఈ పని ప్రభుత్వ సంస్థలకే పరిమితము కాలేదు. బెంగుళూరున యువకులు స్థాపించిన బెల్లాట్రిక్స్ అను సంస్థవారు ఇట్టి యంత్రములకు కావలసిన కాథోడును కల్పించిరి. 2024 జనవరి 1వ తేదీన శ్రీహరికోటనుండి ఎగిరిన పీఎస్సెల్వీ రాకెట్టులో, పని ముగిసిన నాలుగవ అంతస్తును పాఱవేయక, పరీక్షల కొక వేదికగా కక్ష్యలో తిరుగనిచ్చిరి. ఆ కాథోడు దానిపై ఆకాశమును చూచినది. సాధారణముగా కాథోడును ముందు కాచి వేడిచేయవలెను. ఇది వేఱుగా కాచు తీగె లేకయే వెలుగునట్టిది. పాత గానుగ చెక్కతో క్రొత్త పీట చేసికొన్నట్లు, ఖాళీ రాకెట్టును ఇట్లు వాడుకొనుట నాకు మిక్కిలి నచ్చిన యుపాయము.

ఇందాక చెప్పిన రెండున్నర తులముల యంత్రము సంగతి మిగిలినది. దానిని 5.4 కిలోవాటుల పూర్తి బలముతో, అంతరిక్షమువలె శూన్యము చేసిన పీపాలో, వేయి గంటలు నడిపితిమని ఇస్రోవారు 2025 మార్చిలో ప్రకటించిరి. వేయి గంటలనగా నలువదియొక్క దినములు, పదునాఱు గంటలు. దీక్ష పట్టినవారి లెక్కలో ఒక మండలము నిండినదని చెప్పవచ్చును. ఇన్ని గంటలు ఎందులకు? వేగముగా పోవు అయానులలో కొన్ని దారి తప్పి పింగాణి గోడలను తాకును. ఇసుక కలిసిన నీరు టర్బైను రెక్కలను అరుగదీయుట మీ కేంద్రములలో పనిచేసినవారికి తెలిసినదే; ఇదియు నట్టి అరుగుదలయే. గోడ పూర్తిగా అరిగినచో దాని వెనుక నున్న అయస్కాంతము బయటపడి యంత్రము చెడును. అందుచేత మధ్యమధ్య గోడల మందమును చూచి, ఎంత తరిగినదో లెక్క వ్రాసికొనుచు నడిపిరి. మొదట త్వరగా అరిగి, నోరు వెడల్పైన కొలది అరుగుదల మందగించుట ఈ యంత్రముల స్వభావము. కావున పది గంటల పరీక్షను చూచి పదివేల గంటల ఆయువును చెప్పుట సాధ్యము కాదు.

జెనాను విషయమొకటి చెప్పవలెను. అది గాలిలోనే యున్నది గాని, కోటి పాళ్ల గాలిలో ఒక పాలు కూడ లేదు. పెద్ద కర్మాగారములలో గాలిని ద్రవముగా మార్చి ప్రాణవాయువును వేఱుచేయునప్పుడు కొంచెము కొంచెముగా చిక్కును. కావున ధర హెచ్చు. అమెరికాలో వేలకొలది స్టార్‌లింకు ఉపగ్రహములను పంపుచున్నవారు మొదట చవుకగు క్రిప్టాను వాయువును, 2023 నుండి ఇంకను చవుకగు ఆర్గానును వాడుచున్నారు. తేలిక వాయువుతో త్రోపుడు కొంత తగ్గినను, ఖర్చు బహుగా తగ్గును.

వేయి గంటలు నడచిన ఆ యంత్రమును టీడీఎస్-1 అను పరీక్షోపగ్రహముపై ఆకాశమున పరీక్షింతుమని ఆ ప్రకటనలోనే తెలిపిరి. అంత బలమున్నచో, రాకెట్టు విడిచిన చోటినుండి 36,000 కిలోమీటర్ల స్థానమువఱకును ఉపగ్రహమును విద్యుత్తే ఎక్కింపవచ్చును. మండెడి ఇంధనపు బరువు చాలవఱకు తప్పును. అందుకు చెల్లింపవలసినది కాలము. మంటతో కొలది దినములలో ముగియు ఎక్కుడు, విద్యుత్తుతో నెలలు పట్టును. ఆ నెలలన్నియు భూమి చుట్టునున్న తీవ్రకణముల వలయములగుండ మరల మరల పోవలసి, సూర్యపలకలు కొంత దెబ్బతినును. ఉపగ్రహమునకు సొమ్ము పెట్టినవాడు అంతవఱకు రాబడి లేక వేచియుండవలెను. తొందరగా కావలసిన ఉపగ్రహమునకు మంటయే మేలనియు, బరువు తగ్గుట ముఖ్యమైనచో విద్యుత్తే మేలనియు నా యభిప్రాయము. కొందఱు రెండింటిని కలిపి, సగము దూరము మంటతోను, తక్కినది విద్యుత్తుతోను పోవుచున్నారు.